గడప ముందు ఏడు జతలు

హోసూరు, జూన్ 1996, శుక్రవారం

వారమంతా ఎదురుచూసిన సీరియల్ ఈ రోజు చూడలేకపోయాను. అందులో ఇన్‌స్పెక్టర్ ఎవరినీ కొట్టడు, గద్దించడు. గడప ముందు చెప్పులు చూసే అబద్ధం పట్టేస్తాడు. పోయిన వారం ఆయనకంటే ముందే హంతకుడెవరో నేను చెప్పేస్తే, "సదువుకున్న పిల్ల గదమ్మా, మాకింక టీవీ ఎందుకు!" అని పక్కింటావిడ మూతి తిప్పింది.

మేమంతా టీవీ చూడ్డానికి చేరేది ఇంటి ఓనరు సరోజక్క ఇంట్లోనే. ఈ రోజు ఆమె తలుపు సగమే తీసింది.

"టీవీ చెడిపోయిండాదమ్మా. బొమ్మే రాలే."

"రిపేరుకు ఇచ్చినారా అక్కా?"

"రేపు ఇయ్యల్ల. నువ్వు పోయి పండుకో."

తల దించితే గడప ముందు ఏడు జతల చెప్పులున్నాయి. పక్కింటావిడవీ వాటిలో ఉన్నాయి. నా గదికి వచ్చేశాను.

ఆ ఇన్‌స్పెక్టర్ ఎప్పుడూ తప్పు చేయకూడదని కోరుకునేదాన్ని. ఈ ఒక్కసారి చెప్పులే అబద్ధం చెప్పి ఉంటే బాగుండును.