తరాజుల కొసరెయ్యకు బాపూ

బాపూ,

కంగ్టి బస్సుకు పోతున్న, పొద్దుగూకినంక వస్త. సాయంత్రం తొమ్మిదో తరగతి పిల్లలు లెక్కలకు వస్తరు, దుకాణంల ఉన్న పాత తరాజు అరుగు మీద వేలాడదీయి. కందుల సంచి నేనే కట్టిపెట్టిన, మూతి విప్పకు. దాని బరువు తెల్వదు గనకనే అది మా ఎక్స్. సంచి పక్కన ఒక కిలో రాయి, ఎదుటి పళ్లెంల అసొంటియే నాలుగు రాళ్లు పెట్టు. ఇటు ఒకటి తీస్తే అటు గూడ ఒకటి తియ్యాలె. సంచి ఒక్కటే మిగిలినప్పుడు ఎదురుంగ ఉన్నదే దాని బరువు.

నిన్న గిరాకీకి వేసినట్టు సంచి దిక్కు పిడికెడు కొసరేస్తివి, తరాజు ఒరిగిపాయె. పక్కింటి భీమమ్మత్త బిడ్డ తిరుమల తన లెక్కే తప్పనుకున్నది. "నాతోని కాదక్కా, ఇగ బడి బంద్ జేస్త" అన్నది. ఇయ్యాల ఆమెతోనే చేయించు. నువ్వు చేతులు కట్టుకొని కూసో.

తెల్లారంగ కలొచ్చింది బాపూ. మన తరాజు కంది చేన్ల మీద మబ్బుకు వేలాడుతున్నది. తిరుమల ఒక్కొక్క రాయి తీసి వదులుతుంటే అవి పిట్టల తీరు ఎగిరిపోతున్నయ్. ముల్లు నడుమనే నిలబడ్డది.

ఉమ

కొసరెయ్యకుంటే నీ చెయ్యి ఊకోదు, నాకెర్క. పిల్లలు పోయేటప్పుడు వాళ్ల దోసిట్ల పల్లీలు వెయ్యి. తిరుమలకు రెండుసార్లు.