నా మీటింగ్, ఆయన మగ్గం

గద్వాల, మంగళవారం

పొద్దున ఆఫీసు మీటింగ్ మధ్యలో హెడ్‌ఫోన్స్ తీస్తే పక్క గదిలో మగ్గం చప్పుడు లేదు. వెళ్లి చూస్తే మా ఆయన ఊరికే కూర్చున్నాడు. ఈపాటికి పూర్తి కావలసిన చీర సగంలోనే ఉంది.

"ఏందయ్యా, నా కోసం ఆపుతున్నవా?"

"సప్పుడు ఇనొస్తే నిన్ను ఏమన్న అంటరని..."

ఇంటి నుంచైతే పని బాగా సాగుతోందని ఇన్నాళ్లూ మురిసిపోయాను. ఆయన పని ఆగితేనే నాది సాగిందన్నమాట.

మధ్యాహ్నం మీటింగ్‌లో మా టీమ్ లీడ్‌తో నేనే చెప్పాను: "మా ఇంట్ల చీరలు నేస్తరు మేడమ్, సప్పుడొస్తది."

"జర కెమెరా అటు తిప్పు, చూస్త," అందామె.

అందరూ చూస్తుంటే ఆయన సిగ్గుపడుతూనే నేశాడు. ఆ చప్పుడులో నా రిపోర్టులో రెండు తప్పులు దొర్లాయి; రేపు దిద్దుకుంటాను. ఇక ఆపనని ఒట్టు వేయించుకున్నాను గానీ, నిలబెట్టుకుంటాడో లేదో...