నవ్వు వాళ్ళది, వేలు మనది

మంగళవారం, ఉదయం
షాపు షట్టరు సగం ఎత్తి

గౌరవనీయులైన మొదటి పార్టీ వారికి,

సదరు రెండవ పార్టీ నమస్కరించి రాస్తున్నది ఏమనగా, ఇక్కడ నేనూ, మా ఆవిడా, మన స్టూడియో, గోడ మీద మూల పగిలిన అద్దం అందరం క్షేమం. అక్కడ మీరూ, మీ అమ్మాయీ, మీ కంప్యూటర్లూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నిన్ను ఇలా పిలవాల్సిన రోజు వస్తుందనుకోలేదురా గుడ్లగూబా. ఏం చెయ్యను, మీ వకీలు గారు పంపిన కాగితంలో నా పేరు ఉండాల్సిన చోటల్లా రెండవ పార్టీ అనే ఉంది. చదివీ చదివీ నాకూ అలవాటైపోయింది. నిన్న మా ఆవిడ భోజనానికి పిలిస్తే రెండవ పార్టీ చేతులు కడుక్కుని వస్తున్నాడని బదులిచ్చాను. ఈ వయసులో పార్టీలేమిటండీ అని గట్టిగానే అడిగింది.

ఫోన్ చేస్తే ఎత్తవు. అందుకే ఉత్తరం. ఇంకో కారణం కూడా ఉంది. ఉత్తరాన్ని నువ్వు చదువుతావు, నీకంటే ముందు ఇంకెవరూ చదవరు. ఫోన్ గురించి ఆ మాట చెప్పగలవా?

వకీలు కాగితంతో పాటు పంపిన చీటీలో నువ్వడిగింది నాకు బాగానే అర్థమైంది. మనిద్దరం కలిసి తీసిన ఫొటోల నెగటివ్‌లు మూడు ఇనప బీరువాల నిండా ఉన్నాయంటావు. వాటన్నిటినీ, యంత్రానికి మనుషుల మొహాలు నేర్పిస్తానంటున్న ఆ కంపెనీకి ఇచ్చేద్దామంటావు. నువ్వు సంతకం పెట్టేశావు. నేనూ పెడితే వచ్చే సోమవారం వాళ్ళ వ్యాన్ వస్తుంది. పెట్టకపోతే కోర్టులో చూసుకుందామంటావు. ఇంతేగా?

చట్టం మన వైపే ఉందని మీ వకీలు గారు నాలుగు పేజీలు రాశారు. ఫొటో మీద హక్కు తీసినవాడిదట. మొహం ఎవరిదైనా సరే, ఎవరు బటన్ నొక్కారన్నదే లెక్కట. నవ్వు వాళ్ళది, వేలు మనది, చట్టం వేలి పక్షాన ఉంది. నా వేలికి ఇంత పరపతి ఉందని ముందే తెలిస్తే ఇన్నాళ్ళూ దాన్ని ఇంకాస్త మర్యాదగా చూసుకునేవాణ్ణి.

ఆ చట్టమే మొన్న నా మీదికీ వచ్చింది, విను. కొత్త లైటు కొని, దాని వెలుగులో షాపంతా చూపిస్తూ చిన్న వీడియో తీసి ఫోన్‌లో పెట్టాను. పక్క సెలూన్లో రేడియో మోగుతోంది. నేను టీ తాగి వచ్చేసరికి వీడియో మాయం. ఎవరిదో పాట అనుమతి లేకుండా వాడుకున్నానట! నేను వాడుకోవడమేమిటి, పాడిన రేడియో పక్కింటిది, విన్న చెవులు నావి. పాటలో రెండు ముక్కలకి అంత కాపలా పెట్టినవాళ్ళు, ఊరి జనం మొహాలు మాత్రం వ్యాన్‌లో వేసుకుపోతామంటున్నారు. ఇందులో న్యాయం ఎక్కడుందో మీ వకీలు గారిని అడిగి, తీరిగ్గానే నాకు చెప్పు.

నేను పాతకాలపు మనిషినని, కొత్తదంటే నాకు భయమని నువ్వంటావు. అదేం కాదు. మనిద్దరిలో ముందు డిజిటల్ కెమెరా కొందామన్నది నేనే. నువ్వే ఫిల్మ్ వదలనని మొండికేశావు. నీ డార్క్‌రూమ్‌లో ట్రే అంగుళం పక్కకి జరిగినా ఒంటికాలి మీద లేచేవాడివి. రోజంతా ఆ చీకట్లోనే ఉంటావని కదా నీకు గుడ్లగూబ అని పేరు పెట్టింది. నొక్కడం తప్ప ఏమీ రాదని నన్ను బటన్ అనేవాడివి. కాబట్టి యంత్రాల గురించి బటన్ మాట్లాడితే గుడ్లగూబ కాస్త వినాలి.

నా ఫోన్ సంగతే చెప్తాను. మీసం తీసేస్తే నన్ను పోల్చుకోలేదు, ఎవరు నువ్వు అన్నట్టు తలుపు మూసుకుంది. దానికి నేను నవ్వుకున్నాను. తర్వాత జరిగినదానికి మాత్రం నవ్వలేకపోయాను. షోకేసులో ఉన్న మీ ఆవిడ ఫొటో రంగు వెలిసిపోతోందని దాన్ని ఫోన్‌తో తీసి దాచుకున్నాను. మర్నాడు ఆ ఫోన్ ఎవరూ అడక్కుండానే చెల్లెమ్మ మొహాన్నీ, మీ అమ్మాయి మొహాన్నీ పక్కపక్కన పెట్టి, ఈ ఇద్దరూ ఒకరేనా, అవును కాదు నొక్కు అంది. చెల్లెమ్మ పోయి ఏడేళ్ళు. ఏది నొక్కమంటావు? ఫోన్ బోర్లా పెట్టి కూర్చున్నాను. ఏడుపొచ్చింది, సిగ్గులేకుండా ఏడ్చాను. పోలిక పట్టడం దానికి తెలుసురా. పోలిక చూసి ఎప్పుడు ఊరుకోవాలో తెలియదు.

కంపెనీ తరఫున ఒకావిడ వచ్చింది. మంచి మనిషే, తప్పు పట్టను. బ్యాగులోంచి పలక లాంటి కంప్యూటరు తీసి అందులో మొహాలు చూపించింది. వాళ్ళెవరూ భూమ్మీద లేరట, యంత్రం అల్లినవాళ్ళట. ఎవరిదో చెవి, ఎవరిదో నుదురు. పేర్లతో మాకు పని లేదండీ, మొహాలు మాకు ఉట్టి సమాచారం అంది. సరేనమ్మా, ఇంత దూరం వచ్చావు, అలా స్టూలు మీద కూర్చో, నీదీ ఒకటి తీసి పెడతానన్నాను. పాపం సంతోషంగానే కూర్చుంది. అద్దంలో చూసుకుని జుట్టు సవరించుకుంది. నేను కెమెరా ఎత్తేసరికి, దీన్ని ఏం చేస్తారండీ, ఎక్కడ పెడతారు అని అడిగింది. నేనూ అదే అడుగుతున్నానమ్మా అన్నాను. స్టూలు దిగి, బ్యాగు సర్దుకుంది. ఆ అమ్మాయి ఫొటో నేను తియ్యలేదు.

ఆ ప్రశ్న మనకి కొత్తది కాదు. స్టూడియో తెరిచిన కొత్తలో ఒక పెళ్ళికూతురు ఫొటో షోకేసులో పెట్టాం. చాలా బాగా వచ్చిందని ముచ్చటపడి పెట్టాం. ఆ అమ్మాయి వచ్చి, నన్ను రోడ్డు మీద నిలబెట్టినట్టుందండీ అంది. నువ్వు వెంటనే వెళ్ళి షోకేసులోంచి ఫొటో తీసి ఆమె చేతిలో పెట్టావు. ఆ రోజు రూలు పెట్టింది నువ్వే, నేను కాదు. షోకేసులో మన ఇంటివాళ్ళు తప్ప ఇంకెవరూ ఉండకూడదన్నావు. అప్పటినుంచి ఈ వీధి జనం మీ అమ్మాయి పళ్ళు ఊడటం, మా వాడికి కళ్ళజోడు రావడం అన్నీ ఆ షోకేసు అద్దంలోనే చూశారు. మన పిల్లలు పెళ్ళిళ్ళలో కనిపిస్తే, ఓహో స్టూడియో పిల్లలు అని బుగ్గలు గిల్లేవాళ్ళు. ఆ రూలు పెట్టినవాడు ఇప్పుడు వ్యాన్ పంపుతానంటే నేనెలా నమ్మను?

ఎలాగూ అందరూ తమ మొహాలు ఫోన్లలో తామే పెట్టుకుంటున్నారు కదా అని రాశావు. తాము పెట్టుకోవడం వేరు. మన దగ్గర పెట్టడం వేరు. పౌడరు రాసుకుని, మన దువ్వెనతో దువ్వుకుని, గడ్డం కాస్త దించండి అంటే దించి, ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఊపిరి బిగబట్టింది నిన్నూ నన్నూ నమ్మి.

బూజు పట్టి పాడైపోతాయన్నావు, అది నిజం. ఒక బీరువా తెరిస్తే పుల్లటి వాసన వస్తోంది. దానికి మందు నేను ఆలోచించాను.

నీ మీద నాకు కోపం ఉంది, దాచుకోను. చెల్లెమ్మ పోయాక, ఇక ఏ మొహమూ చూడలేనని తాళంచెవులు బల్ల మీద పెట్టి, నాకు చెప్పకుండా ఊరు మారిపోయావు. నీ దుఃఖానికి నేను అడ్డొచ్చేవాణ్ణా? పక్కన కూర్చునేవాణ్ణి కదరా. ఈ బీరువాలు వదిలించుకోవాలనే తొందర కూడా ఆ దుఃఖమేనని నాకు తెలుసు. కంపెనీ మీద నీకు ప్రేమేమీ లేదు. మన స్టూడియో అనేది లేకుండా పోతే నీ ప్రాణం తేలికపడుతుందనుకుంటున్నావు. పడదు.

అయినా కోర్టుకి వెళ్ళే ఓపిక నాకు లేదు. మీ వకీలు గారి కాగితం పక్కన పెట్టి, తెల్లకాగితం మీద నా సొంత మాటల్లో ఒక్క వాక్యం రాసి సంతకం చేశాను, ఇందులో జతచేస్తున్నాను. బీరువాల్లో ఉన్నదంతా సోమవారం నాడు తీసుకుపోవడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. తాళంచెవులు సెలూన్ ఆయన దగ్గర ఉంటాయి. వ్యాన్‌తో పాటు నువ్వూ వస్తే మంచిది.

మిగతా విశేషాలేం లేవు. ఈమధ్య షాపు పాత రోజుల్లోలా కళకళలాడుతోంది, జనం వరస కట్టి మరీ వస్తున్నారు. మీ అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
సదరు రెండవ పార్టీ
అనబడే నీ బటన్

తా.క. బీరువాల్లో ఏముందో రాయడం మరిచాను. మాడిపోయిన బల్బులు, కాలు విరిగిన స్టాండు, పౌడరు డబ్బా, దువ్వెన. కంపెనీవాళ్ళు దువ్వెనతో సహా పట్టుకుపోవచ్చు. నెగటివ్‌లు లేవు. మీ వకీలు గారి కాగితం వచ్చిన మర్నాటినుంచే, ఎవరివి వాళ్ళకి ఇచ్చేస్తూ వచ్చాను. ప్రతి కవరు మీదా నీ గుండ్రటి చేతిరాతతో పేరుంది కాబట్టి పని తేలికైంది, ఆ పుణ్యం నీదే. టైలరు తన మొదటి మీసం చూసుకుని దుకాణం మూసి ఇంటికి పరిగెత్తాడు. విడిపోయిన ఒక జంట ఎవరికి వారే వచ్చారు, కానీ నెగటివ్ కత్తిరించమని ఇద్దరూ అడగలేదు. పోయినవాళ్ళవి పిల్లలకిచ్చాను. ఎంత వెతికినా దొరకనివాళ్ళవి వేడినీళ్ళలో నానబెట్టి పైపొర గీకేశాను. ఒక్కో మొహం కరిగిపోతుంటే చూడలేకపోయాను, అయినా చేశాను.

ఒక్కటి మిగిలింది. దాని సొంతదారు ఊరు మారాడు, ఫోన్ ఎత్తడు. అందుకే ఈ ఉత్తరంలో బటర్ పేపర్లో చుట్టి పెడుతున్నాను, జాగ్రత్తగా విప్పు.

చెల్లెమ్మ ముందు పన్ను విరిగి, కొత్తది కట్టించుకునేదాకా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తిరిగిన రోజులు గుర్తున్నాయా? అప్పుడొకసారి నీకు క్యారేజీ తెచ్చింది. డార్క్‌రూమ్‌లో నువ్వు ఫిల్మ్ కడిగే మందు ట్రే ఒంటి మీద ఒంపుకుని నిన్ను నువ్వే తిట్టుకుంటున్నావు. అది విని చెయ్యి తీసేసి పగలబడి నవ్వింది. నేను నొక్కేశాను. అన్నయ్యా, ఇది ప్రింటు వెయ్యొద్దు, ఆయనకి అస్సలు చూపించొద్దు, నేను ముసలిదాన్నై జుట్టంతా నెరిశాక చూపించండి, ఇద్దరం కూర్చుని నవ్వుకుంటాం అంది. ఆ ఫిల్మ్ రోలు నీకివ్వకుండా నేనే కడిగాను. మర్నాడు ట్రేలు చోటు మారాయని నువ్వు నా మీద ఎగిరింది అందుకే.

మాట తప్పలేదు, ఇప్పటిదాకా ప్రింటు వెయ్యలేదు. మన స్టూడియో మొత్తంలో ఇక మిగిలింది ఇదొక్కటే, అదీ నీ చేతుల్లో ఉంది. వ్యాన్ ఎక్కిస్తావో, దాచుకుంటావో నీ ఇష్టం. ముందు మాత్రం కిటికీ దగ్గరికి వెళ్ళి, వెలుతురుకి పట్టి చూడు. నెగటివ్ కదా, జుట్టంతా తెల్లగా ఉంటుంది.