కుడి చేతి మచ్చ

రేపల్లె,
14 మే 1971

నాన్నకి,

పార్వతి నమస్కారాలు. నేనూ నాయనమ్మా బాగానే ఉన్నాం. అక్కడి చలి నీకు అలవాటైందో లేదో రాయి. తెనాలి హాస్టల్‌కి సెలవులిచ్చారు, వచ్చి పది రోజులైంది. ఇంగ్లీషులో రాస్తే నాకు తేలిక, కానీ నాయనమ్మ చదివి వినిపించమంటుంది కదా.

నేను నీ దగ్గరికి రావడానికి నువ్వు పంపిన ఇంగ్లండు ఫారాలు అందాయి. చిన్నప్పుడు వేసిన మశూచి టీకా రికార్డు అడిగారు. అది లేకపోతే మద్రాసులో డాక్టరు పరీక్ష పూర్తవ్వదట. అక్క పోయిన రోజు మా ఇద్దరి టీకా చీటీలూ నువ్వే చింపి కాలవలో పారేశావు. "ఇంకో సూది నీకు పడనివ్వను, పాత రికార్డే సంపాదించు" అని రాశావు కాబట్టి వెతికాను.

రేపల్లె ఆసుపత్రిలో పాత రిజిస్టర్లు వానకి తడిసి పోయాయన్నారు. మన పల్లెకి టీకాలు వెయ్యడానికొచ్చిన హనుమయ్యగారు రిటైరై బాపట్లలో ఉన్నారని తెలిసి, రైలెక్కి వెళ్లాను. పోలయ్య కూతుర్నని చెప్పగానే గుర్తుపట్టారు. అందరూ తరిమికొడుతుంటే నువ్వే ఆయన్ని పల్లెలోకి తీసుకొచ్చావట. పెట్టెలోంచి పాత నోటుబుక్కు తీశారు. వేలుపెట్టి చూపిస్తూ, "ఇదిగో నీ పేరు. ఇది మీ అక్క రత్తాలు. ఇద్దరికీ ఈ చేత్తోనే వేశానమ్మా. ఆ పాపెందుకు పోయిందో ఇప్పటికీ తెలీదు. మందు చెడిందో, నా చెయ్యే మంచిది కాదో" అన్నారు. వాళ్లావిడ పెట్టిన సున్నుండ పొట్లం కట్టుకుని తెచ్చేశాను.

పాత టీకా మూడేళ్లు దాటితే ప్రయాణానికి చెల్లదట. మళ్లీ వేయించుకోవాలన్నారు. నీ సంతకం లేకుండా హాస్టల్ సిస్టరు నన్ను టీకాకి తీసుకెళ్లరు. జూన్ ఇరవైకి మద్రాసు రమ్మన్నారు. ఆలోపు నీ ఉత్తరం రాకపోతే ఈ ఏడాదికి ఇంక ప్రయాణం లేదు.

నాయనమ్మకి చూపు ఆనడం లేదు. నువ్వు ఓడెక్కే ముందు తను అన్న మాట మనసులో పెట్టుకోవద్దని రాయమంది.

నీ కూతురు,
పార్వతి

తా.క.: పైదంతా నాయనమ్మకి చదివాను. ఇది చదవలేదు. పోస్టాఫీసు బల్ల దగ్గర నిలబడి రాస్తున్నాను.

నాన్నా, అక్కకి టీకా పడలేదు. పోలేరమ్మ మొక్కు తీర్చి పుట్టువెంట్రుకలు ఇచ్చేదాకా అక్క ఒంటికి ఇనుము తగలకూడదు కదా. హనుమయ్యగారు వచ్చిన రోజు నువ్వు చేపల వేటకెళ్లావు. నాయనమ్మ అక్కని తిరగేసిన పడవ కింద దాచింది. టీకాకి నన్నే రెండుసార్లు నిలబెట్టింది. రెండోసారి అక్క పరికిణీ కట్టి, ఎడం చేతికి గుడ్డ చుట్టి, "చెయ్యి కాలిందయ్యా, కుడి చేతికి వెయ్యి. దీని పేరు రత్తాలు" అంది. ఏడవనందుకు బెల్లం జీడి కొనిచ్చింది. పడవ కిందకి చెయ్యి చాపి సగం అక్కకిచ్చాను.

నువ్వు అడుగుతావని అక్క చేతికి ఉత్తినే పసుపు గుడ్డ కట్టింది. నా కుడి చేతి పుండు చేప ముల్లు గుచ్చుకుని వచ్చిందంది. రెండు నెలలకి అక్కకి అమ్మవారు పోసింది. అక్క పోయాక నాయనమ్మ నా చెయ్యి తన నెత్తిన పెట్టుకుని ఒట్టేయించుకుంది. ఆ సాయంత్రమే పదిమందిలో "నీ సూదే నా మనవరాల్ని తినేసింది" అని నిన్నంది. నేను గుమ్మంలోనే ఉన్నాను. నాకు ఐదేళ్లు. నోరు తెరిస్తే నాయనమ్మ చచ్చిపోతుందనుకున్నాను. తరవాత చెబుదామంటే నువ్వు ఓడెక్కి వెళ్లిపోయావు.

ఇది చదివాక నన్ను రమ్మంటావో లేదో తెలీదు. నాయనమ్మని మాత్రం ఏమీ అడక్కు. హనుమయ్యగారికి నువ్వే రాయి, ఆయన మొహం చూసి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

నీ సూది అక్కని తాకనే లేదు నాన్నా. నాకు పడనివ్వనన్న ఆ ఇంకో సూది తొమ్మిదేళ్ల కిందటే పడింది. అది అక్కది.