వీపున అచ్చుపడిన పువ్వు

సుగుణా,

ఎలా ఉన్నావు? నువ్వు వెళ్ళి ఎనిమిది నెలలు దాటింది. ఇక్కడ ఉదయగిరిలో నేను బాగానే ఉన్నాను. ఎప్పటిలాగే కర్ర గరిటెలు చెక్కుతున్నాను, రెండు పూటలా తింటున్నాను. నిద్ర ఒక్కటే... అది నీతోపాటే వెళ్ళిపోయింది.

నవ్వకు. నీ గురక మాన్పించాలని నేను పడని పాట్లు లేవు కదా. ముక్కులో ఆవునెయ్యి చుక్కలు వేశాను. తల కింద రెండు దిండ్లు పెట్టాను. ఆత్మకూరు మందుల షాపు నుంచి ముక్కు మీద అంటించే పట్టీలు తెచ్చాను. మన అమ్మాయి విమల ఫోనులో ఆర్డరు పెట్టి గడ్డానికి కట్టుకునే బెల్టు పంపితే, అది కట్టుకుని అద్దంలో చూసుకుని ఏమన్నావు? "పంటినొప్పి వచ్చినదాని మాదిరి ఉండాను గదా బావా!" అని పడిపడి నవ్వావు. ఎన్ని చేసినా నీ మాట మాత్రం ఒక్కటే. "నేను గురక పెట్టేదేంది? నువ్వే కలగన్నావు."

ఇప్పుడు నాకూ అలాగే అనిపిస్తోంది... అదంతా కలేనా?

ఆ చెక్క బంతి గుర్తుందా? వెల్లకిలా పడుకుంటేనే గురక వస్తుందని, వీపు కింద ఏదైనా ఒత్తుకుంటే పక్కకు తిరుగుతావని ఎవరో చెప్పారు. మంచి కర్ర చూసి నిమ్మకాయంత బంతి చేశాను. దాన్ని పెట్టుకోవడానికి నువ్వు నైటీ వీపున జేబు కుట్టుకున్నావు. నా చేతులు ఊరుకుంటాయా? గరిటె కాడ మీద చెక్కినట్టు దాని మీదా పువ్వు చెక్కాను. నువ్వేమో పక్కకు తిరగకుండా దాని మీదే హాయిగా నిద్రపోయావు. తెల్లారి చూస్తే నీ వీపున ఎర్రగా పువ్వు అచ్చుపడి ఉంది! ఇరుగుపొరుగు ఆడవాళ్ళందరికీ చూపించావు. "మా బావకి కర్ర చాల్లేదంట, నా వీపున చెక్కినాడు" అని. సిగ్గుతో ఆ రోజంతా నేను వీధిలోకి రాలేదు.

ఎంత మంచి గురక అది... జోరుగా సాగి, మధ్యలో ఠక్కున ఆగిపోయేది. అది ఆగిన కాసేపూ నేనూ ఊపిరి బిగబట్టి కాచుకునేవాణ్ణి. మళ్ళీ మొదలయ్యాకే నాకు నిద్ర పట్టేది. అలా ఊపిరి ఆగడం మంచిది కాదు, నెల్లూరు తీసుకెళ్ళి నిద్రలో పరీక్ష చేయించమన్నాడు ఆత్మకూరు డాక్టరు. "నిద్రపోయేదానికి పరీక్షేంది బావా? అందులో ఫెయిలయ్యేది నువ్వే" అని కొట్టిపారేశావు. ఆ తర్వాత జ్వరం, ఆస్పత్రి... పరీక్ష మాట ఎవరికి గుర్తుంది?

ఇప్పుడు ఇల్లంతా ఆ ఆగిన కాసేపే. మళ్ళీ మొదలవుతుందేమోనని కాచుకుంటూనే ఉన్నాను.

ఆమధ్య ఆత్మకూరులో విమల ఇంటికి వెళ్ళాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక అది గదిలో పడుకుంది, నేను వరండాలో చాప వేసుకున్నాను. ఎండ... కిటికీ కర్టెను మెల్లగా ఊగుతోంది... ఎక్కడో ఆకురాయితో గరిటె నునుపు చేస్తున్నట్టు చిన్న చప్పుడు. నా పని ఎవరు చేస్తున్నారా అనుకున్నాను. కాదు. అది నువ్వు! గదిలోంచి అదే గురక, అదే సాగడం. నిద్రపోయాను సుగుణా. దీపాలు పెట్టేవేళ దాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. కలలో నువ్వు నైటీకి జేబు కుట్టుకుంటున్నావు. దారం ఎంతకీ అయిపోవడం లేదు.

అప్పటినుంచి ఏదో ఒక వంకతో ఆత్మకూరు బస్సెక్కుతున్నాను. చింతపండు ఇచ్చిపోదామని, అల్లుడికి కొత్తరకం గరిటె చూపిద్దామని... నేను నిద్ర కోసం వస్తున్నానని వాళ్ళకేం తెలుసు?

మొన్న వెళ్ళినప్పుడు విమల తలొంచుకుని ఒక మాట అడిగింది. దాని గురక భరించలేక అల్లుడు పడక హాల్లోకి మార్చాడట. అమ్మకు చేసిన బంతి లాంటిదే తనకూ చేసిపెట్టమంది. మిగిలిన నీ గురకను నా చేత్తో నేనే ఎలా ఆపను? కర్ర దొరకలేదని చెబుదామనుకున్నాను. కర్ర గరిటెలకు పేరుపడ్డ ఉదయగిరిలో ఉంటూ ఆ మాటంటే ఎవరు నమ్ముతారు?

ఆ మధ్యాహ్నం మళ్ళీ చాప వేసుకున్నాను. మళ్ళీ నువ్వే... ఉన్నట్టుండి ఆగింది. నీకు ఆగినట్టే, ఠక్కున. లేచి కూర్చున్నాను. కాచుకున్నాను. గది తలుపు దాకా పరుగెత్తాను. అప్పటికి మొదలైంది. ఇక నాకు నిద్ర పట్టలేదు.

బంతి చేశాను సుగుణా. పువ్వు చెక్కలేదు. బంతితో సరిపెట్టను కూడా. విమలను నెల్లూరు తీసుకెళ్ళి ఆ పరీక్ష చేయిస్తాను. అయ్యేదాకా బయట బల్ల మీద కూర్చుంటాను. నీలాగే నవ్వి తప్పించుకోవాలని చూసినా వదలను. నీకు మాటిస్తున్నాను.

రేపు పొద్దున బస్సుకు వెళ్తున్నాను. బంతి మాత్రం సాయంత్రం ఇస్తాను. అన్నాలయ్యాక వరండాలో చాప వేసుకుని, ఒక్కసారి... ఒక్క కునుకు నీ పక్కన తీసి లేస్తాను.

కోప్పడవు కదా?

నీ బావ