నా తిట్ల పక్కనున్న తేదీ

తమ్ముడూ,
అడవి తగలబడిందని విని కంగారుపడి ఉంటారు. నేనూ, నాతో పనిచేసే ముగ్గురూ క్షేమం.

మమ్మల్ని కాపాడింది అటవీశాఖ కాదు, నా చదువూ కాదు. కట్టెలమ్ముకునే ముసలామె, మేమంతా పెద్దమ్మ అంటాం. చలికాలంలో ఆమె మా బస చుట్టూ రాలిన ఆకంతా కాల్చేసింది. పరిశోధన కోసం నేను రోజూ తూచి రాసుకుంటున్న ఆకు అది. నోటికొచ్చినట్టు తిట్టాను. "ఇప్పుడు చిన్న మంట పెట్టకపోతే ఎండల్లో పెద్దమంట వస్తది తల్లీ, అప్పుడేం తూస్తావు?" అంది. నేను వ్యాసాల్లో వాదించేదీ అదే, నా ఆకు దాకా వచ్చేసరికి మర్చిపోయాను. మొన్న మంట ఆ నల్లనేల దాకా వచ్చి, కాలడానికేమీ లేక ఆగిపోయింది.

ఇప్పుడు అధికారులు ఆ నల్లనేలనే చూపించి, అడవికి నిప్పుపెట్టింది ఆమేనంటున్నారు. పేదవాళ్ల మీద నేరం మోపడానికి వీళ్లకు సాక్ష్యం అక్కర్లేదు, అగ్గిపెట్టె దొరికితే చాలు. ఈ పోస్టుకార్డు దారిలో ఎవరైనా చదివితే చదవనీ.

పోయినసారి మీ బీరువాలో వదిలేసిన ఆకుపచ్చ అట్ట నోటుబుక్కు వెంటనే రిజిస్టర్ పోస్టులో పంపు. వచ్చే నెల మొదట్లో విచారణ. ఆమె ఆకు కాల్చిన తేదీ అందులో ఉంది, పక్కనే నా తిట్లున్నాయి. నా పరువు పోతుందని ఆ పేజీ చింపేవు సుమా, అందరి ముందూ నేనే చదువుతాను.

మరదలి మెడనొప్పి తగ్గిందా? వంటింటి కుళాయికి ఇంకా గుడ్డే చుట్టి ఉందా?

పిల్లలకు నా దీవెనలు. పెద్దమ్మవీ కలిపి రాస్తున్నాను, నావాటికన్నా అవే పనికొస్తాయి.
అక్క