జర ఆగు, జరుగు

చిక్కడపల్లి,
సోమవారం మధ్యాహ్నం.

నా కానిస్టేబుల్ దొరసాని స్వరూపకు,

ట్రైనింగ్ సెంటర్లో ఫోన్లు తీసి దాచిపెడతారని నువ్వు చెప్పినప్పుడు ఎగతాళి చేశాను. ఇప్పుడు నారాయణగూడ పోస్టాఫీసులో కవరు కావాలని అడిగితే కౌంటర్లో ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఆదివారం వాళ్ళు ఫోన్లు ఇచ్చే ఆ కాసేపట్లో నీ చుట్టూ నీ బ్యారక్ అమ్మాయిలు, నా పక్కన మా అమ్మ. ఇక మనం మాట్లాడుకునేది ఏముంటుంది? అందుకే రాస్తున్నాను. నా దస్తూరి చూసి నవ్వకు. మా నాన్న విద్యాసాగర్ అని పేరు పెడితే గుద్దులు నేర్చుకున్నవాణ్ణి.

అమ్మ బాగుంది. కోడలు డ్రెస్సు వేసుకుని ఎప్పుడొస్తుందని మా వాడకట్టంతా ఆమెను అడుగుతున్నారట. నువ్వు చదువుకున్న అశోక్‌నగర్ స్టడీ హాల్ పక్కన ఇంకోటి తెరిచారు. ఆ గల్లీలో ఇడ్లీ తినాలన్నా రాజ్యాంగం వచ్చి ఉండాలిప్పుడు.

అసలు సంగతికి వస్తాను. ప్రమోటర్ రాజీవ్ నాకు టైటిల్ ఫైట్ ఖాయం చేశాడు. మిడిల్‌వెయిట్ బాక్సింగ్ బెల్టుకి. ఫైట్లు కుదిర్చేవాళ్ళ చుట్టూ ఇన్నేళ్ళు తిరిగాను, డెబ్బై రెండున్నర కిలోలు దాటకుండా అన్నం మెతుకులు ఎంచుకుని తిన్నాను, కానీ బెల్టు దాకా ఎవరూ నన్ను రానివ్వలేదు. నా వయసుకి ఇంకోసారి పిలవరు. ఇదే మొదటిది, ఇదే ఆఖరిది. వచ్చే శనివారం కాక పైశనివారం, దోమలగూడ దగ్గర ఇండోర్ హాల్లో, మన ఇంటికి కూతవేటు దూరంలో.

ఇంకొకటి ఉంది. నువ్వు ఎదురుగా ఉంటే ఇది చెప్పలేను. నా ఎడమ చెవి పోయింది. పుణె ఫైట్లో ఆ చెవి మీద పడ్డ దెబ్బ నీకు గుర్తుందిగా. వాపు తగ్గింది, వినికిడి తిరిగి రాలేదు. కుక్కర్ విజిల్ వేయబోయే ముందు మూలుగుతుందే, లోపల ఎప్పుడూ అలాంటి హోరు. బషీర్‌బాగ్‌లో ఒక డాక్టరుకి చూపించుకున్నాను. నరం దెబ్బతిన్నది, ఇక రాదు, ఆట మానెయ్ అన్నాడు. నేను ఫీజు కట్టి బయటికొచ్చి ఆ చీటీని అక్కడే చింపేశాను.

మొన్న నారాయణగూడ మార్కెట్ దగ్గర రోడ్డు దాటుతుంటే ఎడమవైపు నుంచి ఆటో అతను ఏదో అరిచాడు. నాకు "జర ఆగన్నా" అని వినపడి రోడ్డు మధ్యలో బుద్ధిగా ఆగాను. ఆటో నా మోకాలికి రాసుకుని పోయింది. "జరుగన్నా అంటే నిలబడ్తవేంది, చెవుడా?" అని తిట్టిపోయాడు. వాడికి తెలియకుండానే నిజం చెప్పాడు.

ఈ సంగతి అమ్మకు తెలియదు, ఆట నేర్పిన పీరయ్య మాస్టర్‌కూ తెలియదు. తెలిస్తే లైసెన్సు పోతుంది, ఫైట్ పోతుంది. నా మీద ఒట్టు, ఎవరికీ చెప్పకు. ఆ ఒక్క రాత్రి గడవనీ, తర్వాత నువ్వు కూర్చోమంటే కూర్చుంటాను.

నీ
సాగర్


చిక్కడపల్లి,
శనివారం.

స్వరూపా, తల్లీ,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. మనసు కుదురుగా లేదు.

మా తాలీం నీకు తెలుసుగా, దోమలగూడలో ఒకప్పుడు పహిల్వాన్లు మట్టిలో కుస్తీ పట్టిన జాగా. ఇప్పుడు ఆ మట్టి మీదే పలకలు పరిచి మాస్టర్ రింగు కట్టాడు. ఆయనకు ఇంగ్లిషు మాటలు గిట్టవు. ఫైట్ నడుస్తుంటే రింగు మూలన తను నిలబడే కార్నర్‌లోంచి రెండే మాటలు అరుస్తాడు. "జర ఆగు" అంటే చెయ్యి ఆపు, ఏదో తేడా ఉంది అని. "జరుగు" అంటే ఎడమకు ఒక అడుగు తప్పుకుని అక్కడినుంచే కుడిచేత్తో కొట్టు అని. బయట రాష్ట్రాల వాళ్ళకు ఇవి ఒక్క ముక్క అర్థం కావు, అదే మా బలం. కానీ ఆయన తొందరలో అంటే జర ఆగు కాస్తా "జరాగు" అవుతుంది. జరాగు, జరుగు. రెండు చెవులూ ఉన్నవాడికి అది పెద్ద తేడానే.

నిన్న ప్రాక్టీసులో కార్నర్ నాకు ఎడమకు పడింది. ఆయన అరిచాడు. నేను ఆగాను. ఎదుటివాడి గుద్దు నేరుగా దవడ మీద పడింది.

"జరుగు అంటే ఆగినవేంది?" అన్నాడు మాస్టర్ తాళ్ళ మీదికి వంగి.

"అలసిపోయిన మాస్టర్."

"అలసిపోయినోడు ముఖం అడ్డం పెట్టి నిలబడ్తడా? ఏం పరేషాన్ల ఉన్నవ్‌రా నువ్వు?"

"మాస్టర్, ఆ ఒక్క మాట మార్చండి" అంటే సరిపోయేది. "ఎందుకు?" అంటాడు. చెప్పాలి. చెబితే లైసెన్సులిచ్చే బోర్డుకు ముందు ఆయనే ఫోన్ చేస్తాడు. ఆయన అంత మంచివాడు కావడమే నా కర్మ.

అందుకని ఒకటి నిశ్చయించుకున్నాను. ఎడమవైపు నుంచి ఏ మాట వచ్చినా జరుగుడే. ఆలోచించడం లేదు. జరగమంటే ఆగానా, దెబ్బ నాకు. ఆగమంటే జరిగానా, ఎవరికేం పోయింది? మహా అయితే ఒక గుద్దు ఎక్కువ కొడతాను.

మెడికల్ కూడా గట్టెక్కింది. డాక్టరు నా వెనక నిలబడి చెవుల దగ్గర వేళ్ళు రుద్దాడు. ఎదురుగా బీరువా అద్దంలో ఆయన చెయ్యి కనపడుతూనే ఉంది. ఆ చెయ్యి ఎటు కదిలితే అటు చెయ్యెత్తాను. బయటికొచ్చాక రాజీవ్ భుజం తట్టి, "గుర్రం లెక్క ఉన్నవన్నా" అన్నాడు. నేనూ నవ్వాను.

నాతో ఆడేవాడు బయట రాష్ట్రం వాడు కాదు, మన జనగామ పిల్లగాడు, పేరు హర్ష. పోస్టర్ ఫోటోలకు నారాయణగూడ వచ్చాడు. నా ఎడమ పక్కన నిలబడి ఏదో అన్నాడు. నేను పలకలేదు. పొగరనుకుని ఉంటాడు, అయినా చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి, "అన్నా, నీ ఫైట్లు ఫోన్ల చూసుకుంటనే నేర్సుకున్న" అన్నాడు. వాళ్ళ నాన్న ఉప్పలయ్య ఆర్టీసీ డ్రైవరు. ఆయనా వచ్చి నాకు చెయ్యి కలిపాడు. వాణ్ణి ఎట్లా కొట్టాలో ఆలోచిస్తూ ఆయన చెయ్యి పట్టుకున్నాను. మా పని అదేగా.

హోరు ఎక్కువైంది. పడుకుంటే కుడి చెవి దిండులో పెట్టుకోకూడదని అలవాటు చేసుకుంటున్నాను. పెట్టుకుంటే లోకం మొత్తం ఆగిపోతుంది.

నీ
సాగర్


ట్రైనింగ్ సెంటర్,
మంగళవారం.

మొండి సాగర్‌కు,

నీ రెండు ఉత్తరాలూ ఇవాళే చేతికిచ్చారు. చదివి బాత్రూంలోకి పోయి ఏడ్చి వచ్చాను. ఏడుపు అయిపోయింది, ఇప్పుడు కోపం మిగిలింది.

ఫైట్ శనివారం. మాకు ఫోన్లు ఇచ్చేది ఆదివారం. ఈ లెక్క చూసుకునే రాశావా? నిజం చెప్పు. రెండుసార్లు మేడం గది దాకా పోయాను, ఫోన్ అడిగి మాస్టర్‌కు అంతా చెప్పేద్దామని. ఒట్టు పెట్టావు. నీకేమన్నా అయితే ఆ ఒట్టు పట్టుకుని నేనేం చేసుకోవాలి?

నీకు ఇక్కడి సంగతి ఒకటి చెప్తాను. పరేడ్‌లో అడుగు వెయ్యడం మాకు తొందరగానే వచ్చింది. "థమ్" అనగానే అందరం ఒక్కసారి ఆగడం ఇప్పటికీ రాలేదు. ఒక్కరు వినకపోయినా ముందు మనిషి మీద పడతారు. మా బ్యాచ్‌లో పద్మ అట్లాగే ఆగకుండా పోయి ముందున్న అమ్మాయి మడమ చీల్చింది. ఆ అమ్మాయి ఆగింది, అదే ఆమె చేసిన తప్పు. డ్రిల్ నేర్పే ఉస్తాద్ ఏమన్నాడో తెలుసా? నడవనోళ్ళతోని నాకు ఇబ్బంది లేదు, ఆగనోళ్ళతోనే భయం అన్నాడు.

ఎవరికేం పోయింది అని రాశావే, ఆ మాట నాకు నచ్చలేదు. మాస్టర్ ఆగమన్నాడంటే ఊరికే అంటాడా?

చెప్పు సాగర్. ఫైట్ ముందు ఆయనకు చెప్పు. బెల్టు లేకుండానే నిన్ను చేసుకున్నాను. లైబ్రరీ మెట్ల మీద నా పుస్తకాల సంచి మోసినప్పుడు నీ నడుముకు ఏమీ లేదు.

నీ
స్వరూప


ఆసుపత్రి,
బుధవారం.

స్వరూపా,

నేను గెలిచానని ఆదివారం ఫోన్లో అమ్మ నీకు చెప్పింది. నేను పక్కనే ఉన్నాను, ఫోన్ అందిస్తే తీసుకోలేదు. అలసిపోయాడులే అని అమ్మే సర్ది చెప్పింది.

నీ ఉత్తరం శనివారం పొద్దున చేతికొచ్చింది. చదివాను. పద్మ దగ్గర నవ్వొచ్చింది కూడా. మడిచి కిట్ బ్యాగులో పెట్టుకుని ఫైట్‌కు పోయాను. నువ్వు భయపడ్డట్టు నాకు ఏమీ కాలేదు. ఒంటి మీద చెప్పుకోదగ్గ గాయం లేదు.

ఐదో రౌండ్. హర్ష బాగా ఆడుతున్నాడు, నాకంటే బాగా. నేను పొట్టలో కొట్టిన గుద్దుకి వంగి లేచాడు. అప్పుడు వాడి నోట్లోని గార్డు జారి కింద పడింది. పళ్ళకు అడ్డం పెట్టుకునే ఆ రబ్బరు ముక్క లేకుండా మమ్మల్ని ఆడనివ్వరు. రెఫరీ నా వీపువైపు ఉన్నాడు, ఆయన చూడలేదు. నేనూ చూడలేదు, నేను చూస్తున్నది వాడి చేతుల్ని. మాస్టర్ చూశాడు. కార్నర్ నాకు ఎడమకు ఉంది. హాలంతా అరుస్తోంది, లోపల హోరు. వాటి మధ్య నుంచి ఆయన గొంతు వచ్చింది. అప్పుడే హర్ష రెండు చేతులూ కిందికి దించాడు. ఎందుకు దించాడా అని నేను అనుకోలేదు. నిశ్చయించుకుని ఉన్నానుగా. ఎడమకు జరిగి కుడిచేత్తో కొట్టాను.

దవడ విరిగిన చప్పుడు నా కుడి చెవికి వినపడింది. వాడు వెనక్కి పడి తల నేలకు కొట్టుకుంది.

జనం లేచి నా పేరు అరిచారు, నేను చేతులు పైకెత్తాను. మాస్టర్ తాళ్ళు దూరి లోపలికి వచ్చాడు. నన్ను వాటేసుకుంటాడనుకున్నాను. నన్ను దాటి పోయి హర్ష పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"జర ఆగమన్న గదరా" అన్నాడు నావైపు చూడకుండానే. "వాని నోట్ల గార్డు లేదు. ఆగమన్న."

"జరుగు అన్నవనుకున్న మాస్టర్."

అప్పుడు తలెత్తి చూశాడు. లేచి వచ్చి నా ఎడమ చెవి పక్కన చిటికె వేశాడు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. ఇంకోసారి వేశాడు. ఆ తర్వాత నన్ను వదిలి మళ్ళీ హర్ష దగ్గరికి పోయాడు.

తలలో రక్తం గడ్డకట్టిందని హర్షకు ఆపరేషన్ చేశారు. నిన్న కళ్ళు తెరిచాడు, ఎవరినీ గుర్తుపట్టడం లేదు. రూల్ ప్రకారం తప్పేమీ లేదని, రెఫరీ ఆపలేదు కాబట్టి నోరు మూసుకుని ఇంట్లో కూర్చోమని రాజీవ్ అంటున్నాడు. నిన్న మాస్టర్‌తో కలిసి బోర్డుకు పోయి చెవి సంగతి, బీరువా అద్దం సంగతి చెప్పేశాను. బెల్టు అక్కడే బల్ల మీద పెట్టి వచ్చాను. ఇక నేను ఆడను. ఇది నీకు ఇచ్చే మాట కాదు, ఆడే మొహం నాకు లేదు.

ఇవాళ పొద్దున ఇక్కడికొచ్చాను. హర్ష నాన్న ఉప్పలయ్య వార్డు బయట బెంచీ మీద డ్యూటీ చొక్కాతోనే ఉన్నాడు. నేను కూర్చుంటే ఆయన నాకు ఎడమ పక్కన పడ్డాడు. ఆయన పెదాలు కదులుతున్నాయి. నేను పూర్తిగా తిరిగి కూర్చుని కుడి చెవి ఆయనకు పెట్టాను.

"మీ మాస్టర్ ఆగమన్నది మావోనికి ఇనవడ్డది" అంటున్నాడు. "అందుకే చేతులు దించిండు. పెద్దమనిషి ఆగమన్నడు, మనోళ్ళ మాటనే గదా, ఆగుతరు అనుకున్నడు. అంత దూరమున్న నాకు గూడ ఇనవడ్డది. నీకెట్ల ఇనవడలే బిడ్డా?"

బిడ్డా అన్నాడు స్వరూపా. నన్ను నాలుగు తన్నినా బాగుండేది.

హర్షదీ నాదీ ఒకే భాష అని, ఆ మాట వాడికి తెలుస్తుందని, తెలిసినవాడు నమ్ముతాడని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. వాడు సరిగ్గా విన్నాడు. విన్నందుకే ఇట్లా పడి ఉన్నాడు. నువ్వు పద్మ గురించి రాసింది ఇదే, నేను నవ్వింది దీనికే.

అంతా చెప్పాను. పుణె దెబ్బ, చింపిన చీటీ, ఎవరికేం పోయిందని నీకు రాసిన మాటతో సహా. ఆయన నేల చూస్తూ విన్నాడు. లేచి, నా ఎడమ పక్క నుంచి తలుపు వైపు పోతూ, ఒక మాట అన్నాడు.

జరుగు అన్నాడో, జర ఆగు అన్నాడో నాకు తెలియలేదు. పొమ్మంటున్నాడో, ఉండమంటున్నాడో. లేచి పోదామనే అనిపించింది. ఇన్నాళ్ళూ చేసింది అదే, నాకు తోచింది విని నాకు కావలసినట్టు కదలడం. ఈసారి అడిగాను.

"ఇనవడలే. మళ్ళొకసారి చెప్పుండ్రి."

ఆయన వెనక్కి తిరిగి, నాకు ఎదురుగా వచ్చి నిలబడి, నిదానంగా చెప్పాడు.

"జర ఆగు అన్న. వాడు కండ్లు తెరుస్తున్నడు, మూస్తున్నడు. తెరిచినప్పుడు పిలుస్త. నువ్వు నాకు చెప్పినవే, అదంత వానికి జెప్పు. వానికి తెలిసినా తెల్వకపోయినా జెప్పు."

పొద్దున అన్నాడు ఆ మాట. ఇప్పుడు మధ్యాహ్నమైంది, ఇంకా పిలవలేదు. ఆ బెంచీ మీదే ఉండి, కుడి చెవి తలుపు వైపు పెట్టి నీకు ఇది రాస్తున్నాను.

సాగర్